పాతవాకిలి గబ్బిలాలు

తురేనా,
ఫిబ్రవరి 12, 1996

అక్కా,

నీకు ఉత్తరం రాసి మూడేళ్లు దాటింది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు "పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేస్తావు. కాగితమైతే పాలు పొంగిపోయినా బల్ల మీదే ఉంటుంది.

ముందు నా కబురు. హోటల్లో దుప్పట్లు మార్చే పని మానేశాను. మోకాళ్లు ఇక ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు నాకు ఎక్కడ ఉద్యోగమో తెలుసా? పాతవాకిలి దగ్గర. ఒక గాజుగది, మెత్త వేసిన కుర్చీ, కాళ్ల దగ్గర చిన్న హీటరు. వచ్చినవాళ్లకి టికెట్టు చింపి ఇచ్చి, "రెండువేల ఏళ్లనాటి రోమన్ నగర ద్వారమండీ, దయచేసి రాళ్లని ముట్టుకోకండి" అని చెప్పాలి. ఆ రాళ్లకి మేకులు కొట్టి బట్టలారేసిన వాళ్లం మనం! చెప్పినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

నాలుగేళ్ల తర్వాత పరంజాలన్నీ విప్పేశారు. కమాను రాళ్లు కడిగేసరికి లోపలినుంచి తేనెరంగు బయటపడింది. మనమున్నప్పుడు నల్లగా ఉండేది కదా, అదంతా మన పొగేనట. ఈ పనంతా చూసే అమ్మాయి పేరు లివియా. పెద్ద చదువు చదివింది, ముప్పై కూడా నిండలేదు. మొదటిరోజే నన్ను పట్టుకుంది. "ఇల్వాగారూ, ఈ వాకిలిని రోమన్లు వాడుకున్నది నాలుగు వందల ఏళ్లు. ఆ తర్వాత వెయ్యిన్నర ఏళ్లు మీలాంటివాళ్లే కాపురమున్నారు. మరి బోర్డుల మీద మీ గురించి ఒక్క ముక్క లేదేంటి?" అంది. "మేమొట్టి గబ్బిలాలమమ్మా" అన్నాను. ఊళ్లో మనల్ని అలాగే పిలిచేవాళ్లని చెబితే పుస్తకంలో రాసుకుంది.

సంగతేమిటంటే, సెప్టెంబరులో కమాను మీది మన గది తెరుస్తున్నారు. చివరగా కాపురమున్న కుటుంబం పేరు మీద. సున్నం గీకుతుంటే గోడ మీద బొగ్గుగీతలు కనిపించాయి. అమ్మ మన ఎత్తు కొలిచి గీసినవి. నావి "ఇ", నీవి "ఎ". నీ గీతలు పద్నాలుగో ఏట ఆగిపోయాయి, స్కాలర్‌షిప్పు మీద పెరూజా వెళ్లిపోయావు కదా.

అమ్మ ఫొటో ఒకటుండాలి. కమాను కింద కూర్చుని ఉన్ని దువ్వుతుంటే ఎవరో జర్మన్ యాత్రికుడు తీసి పోస్టులో పంపించాడు. అమ్మ పోయినప్పుడు నువ్వు తీసుకెళ్లావు. కొన్నాళ్లు ఇస్తావా? లివియా జాగ్రత్తగా తిరిగి పంపిస్తుంది.

ఉంటాను,
ఇల్వా


తొరీనో,
ఫిబ్రవరి 27, 1996

ప్రియమైన ఇల్వాకు,

నీకు సుఖమైన ఉద్యోగం దొరికినందుకు సంతోషం. మోకాళ్లు అశ్రద్ధ చేయకు.

నువ్వు అడిగిన విషయానికి వస్తాను. ఫొటో నా దగ్గర ఉన్నట్టు గుర్తులేదు. ఉన్నా పంపించను. నిష్ఠూరంగా అనిపించవచ్చు, కానీ ఆలోచించు. మనం కాలువ నీళ్లతో ముఖం కడుక్కున్న సంగతి, కోళ్లతో పాటు పడుకున్న సంగతి నలుగురూ టికెట్టు కొనుక్కుని చూడాలా? ఆ అమ్మాయికి అదొక పరిశోధన. మనకది బతుకు. అయిపోయిన బతుకు.

ఇంకొక మాట. నా పేరు ఎక్కడా రాకూడదు. నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, అందులో పదకొండేళ్లు ప్రధానోపాధ్యాయురాలిని. మావారు కొర్రాదో బతికుండగా ఆయనకు నేను తురేనాలో ఒక ఉన్ని వర్తకుడి కూతురినని చెప్పాను. నువ్వు నవ్వుతావని తెలుసు. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు, మన ఇంట్లో ఉన్నికి ఏనాడూ కొదవలేదు. నా కొడుకూ కోడలూ ఇప్పటికీ అదే అనుకుంటున్నారు. ఈ వయసులో వాళ్ల ముందు నన్ను నిలబెట్టవద్దు.

గోడ మీద "ఎ" అని ఉంటే ఎవరి పేరైనా కావచ్చు. ఎమీలియా అని చెప్పు.

శుభాకాంక్షలతో,
ఎర్సీలియా


తురేనా,
మార్చి 15, 1996

ఉన్ని వర్తకుడి పెద్దకూతురికి, చిన్నకూతురు రాయునది.

నవ్వలేదక్కా. నవ్వొస్తుందనుకున్నాను, రాలేదు.

ఆ వర్తకుడి సంగతి నాకిప్పుడేగా తెలిసింది! మన నాన్న రాతిగనిలో దుమ్ముమింగి దగ్గి దగ్గి పోయాడని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. అందుకేనా నీ పెళ్లికి అమ్మని పిలవలేదు? "తొరీనోలో చలెక్కువ, అమ్మ ఊపిరికి మంచిది కాదు" అని రాశావు. జూన్ నెలలో పెళ్లి. అమ్మ ఆ ఉత్తరం నాచేత చదివించుకుని, "నిజమే, పిల్ల నా గురించి ఎంత ఆలోచిస్తుందో" అంది.

సరే, వదిలెయ్. నీ మీద అరవడానికి కూర్చోలేదు. గాజుగదిలో కూర్చుంటే మాటలు లోపలే తిరుగుతుంటాయి, అంతే.

నేను లివియాకి అన్నీ చెప్పాను. అమ్మ పరుపులు విప్పి, ఉన్ని దువ్వి, ఎండబెట్టి, మళ్లీ కుట్టేదని. పెళ్లిళ్ల కాలంలో కమాను కింద ఉన్ని మేఘంలా పేరుకునేదని. చలికాలం మంచం వెనక పొయ్యి దగ్గర మనమిద్దరం వీపులానించుకుని కూర్చునేవాళ్లమని. దువ్వెన బల్ల మా నేలమాళిగలోనే ఉంది. పళ్లు తుప్పుపట్టాయి. తుడిచి ఇచ్చేశాను.

ఇంకో సంగతి. లివియా పాత కాగితాలన్నీ తిరగేస్తోంది. 1957లో మనల్ని ఖాళీ చేయించిన ఫైలు దొరికిందట. ఎవరో పురావస్తు కార్యాలయానికి ఒక ఉత్తరం రాశారట. దాని మీదే విచారణ మొదలైంది, ఆ విచారణ మీదే మనల్ని పంపించేశారు. సంతకం లేదంటున్నారు. నేనింకా చూడలేదు.

నీకేమైనా గుర్తుందా? అప్పటికి నీకు పదిహేడు, నాకు తొమ్మిది. ఎవరు రాసి ఉంటారంటావు?

ఇల్వా


తొరీనో,
ఏప్రిల్ 9, 1996

నా ఇల్వా,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను, కానీ కోపం రాలేదు. నువ్వన్నదాంట్లో నిజముంది. పెళ్లి విషయంలో నేను చేసింది తప్పే. మాకు పెళ్లి బట్టలు కుట్టిన దర్జీ కూడా ఆ రోజు భోజనానికి వచ్చాడు, అమ్మ రాలేదు. ఈస్టరుకి నీకొక పొట్లం పంపించాను, అందిందా? ఊలు స్వెట్టరు నీ మోకాళ్ల మీద కప్పుకోవడానికి పనికొస్తుంది. ఇక్కడ పార్కులో చెట్లన్నీ పూశాయి. నువ్వొకసారి రావాలి. నా కోడలికి నిన్ను పరిచయం చేస్తాను. ఎలా పరిచయం చేయాలో ఆలోచిద్దాం.

ఆ ఫైలు సంగతి. పాత గొడవలు తవ్వడం వల్ల ఎవరికీ మేలు జరగదని నా అభిప్రాయం. రాసినవాళ్లు ఈపాటికి పోయే ఉంటారు. అయినా నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, మందుల షాపు అదెల్మో గుర్తున్నాడా? ఆయనకి చరిత్ర పిచ్చి. ఎప్పుడూ చేతికర్రతో రాళ్లు తట్టి చూస్తూ ఉండేవాడు. అంత చక్కని భాషలో రాయగలవాళ్లు అప్పట్లో ఊళ్లో ఎందరున్నారు? నాకు ఖచ్చితంగా తెలియదు, ఊహ మాత్రమే. లివియాకి చెప్పనవసరం లేదు.

ఏదేమైనా, ఆ గదిలో ఉండిపోయి ఉంటే నువ్వు కూడా నాన్నలాగే దగ్గేదానివి. ఖాళీ చేయించడం వల్ల మనకు నల్లా నీళ్లున్న ఇల్లు వచ్చింది. ఎవరు రాసినా, చెడే జరిగిందని చెప్పలేం కదా.

ప్రేమతో,
అక్క


తురేనా,
మే 3, 1996

ఆ ఉత్తరం చక్కని భాషలో ఉందని నీతో నేను చెప్పలేదు.

అదెల్మోగారు పోయి పన్నెండేళ్లయింది. ఆయన కూతురు మా పక్కింట్లోనే ఉంటుంది, ఆదివారాలు మేమిద్దరం కలిసే వండుకుంటాం. మనల్ని గదిలో ఉండనివ్వమని ఊరంతా తిరిగి నలభైమూడు సంతకాలు పోగుచేసింది ఆయనే. ఆ కాగితం కూడా ఫైల్లోనే ఉంది. మనల్ని పంపించేసిన రోజు అమ్మ మంచం తన బండి మీద ఎక్కించుకుని రైలుకట్ట అవతల మనకిచ్చిన ఫ్లాట్ల బ్లాకు దాకా తోలింది ఆయనే. నాలుగంతస్తులు మోశాడు. నువ్వు అక్కడ లేవు కాబట్టి తెలియదు. ఆయన పేరు నువ్వు రాయకుండా ఉండాల్సింది.

నకలు జతచేశాను. మసకగా వచ్చింది కాబట్టి కొన్ని వాక్యాలు నేనే రాస్తున్నాను:

"రోజూ ఈ ద్వారం కిందనుంచి నడిచివెళ్లే ఒక సామాన్య పౌరుడిగా ఈ విన్నపం చేస్తున్నాను. మన పూర్వీకుల ఘనతకు సాక్ష్యమైన ఈ కట్టడంలో ఒక స్త్రీ మూడు కోళ్లతో, మాసిన పరుపులతో కాపురముంటోంది. ఆమె దువ్వే ఉన్ని దుమ్ము బాటసారుల తలలపై రాలుతుంది. ఆ స్త్రీ మంచం వెనుక గోడలోని రాతిని తొలిచి పొయ్యి పెట్టుకుంది. ఆ స్త్రీకి ఈ రాళ్ల విలువ తెలియదు. చెప్పినా అర్థం చేసుకునే చదువు లేదు."

మంచం వెనక పొయ్యి బయటివాళ్లెవరికీ కనిపించదు. నీ అక్షరం నాకు తెలియదా? నా కాపీ పుస్తకాల్లో పై వరుస నువ్వే రాసిచ్చేదానివి.

స్వెట్టరు అందింది.

ఇల్వా


తొరీనో,
జూన్ 20, 1996

ఇల్వా,

నేనే రాశాను.

ఈ రెండు మాటలు రాయడానికి నెలన్నర పట్టింది. నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ప్రతిదాంట్లోనూ ఏదో ఒక కారణం వచ్చి కూర్చుంటోంది: నీ ఆరోగ్యం, చలి, నా చిన్నతనం. బడిలో పిల్లలు ఇలాంటి సంజాయిషీలు తెస్తే నేను చివరిదాకా వినేదాన్ని కూడా కాదు. అదెల్మోగారి విషయంలో నాకు చెప్పుకోవడానికి ఏ సాకూ లేదు. అప్పుడైతే పదిహేడేళ్లు. ఆయన మీదకి నెట్టినప్పుడు యాభయ్యారు. ఆయన కూతురి ముఖం నాకు గుర్తులేదు, అయినా నిన్నటినుంచి కళ్లముందు మెదులుతోంది.

ఎందుకు రాశానో చెబుతాను. క్షమించమని కాదు.

ఆ వసంతంలో మా చరిత్ర మాస్టారు తరగతినంతా పెరూజా నుంచి తురేనా తీసుకొచ్చారు, రోమన్ వాకిలి చూపించడానికి. నాకు నాలుగు రోజులనుంచి అన్నం సహించలేదు. జ్వరమని చెప్పి తప్పించుకుందామనుకున్నాను, మాస్టారు నుదురు పట్టుకుని చూసి "ఏం లేదు, పద" అన్నారు. ఇరవైరెండు మంది అమ్మాయిలం కమాను కింద నిలబడ్డాం. ఆయన రాళ్లు ఎలా సున్నం లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయో చెబుతున్నారు. పైనుంచి ఉన్ని నూగు రాలుతోంది. నా పక్కన లుక్రేత్సియా అని న్యాయమూర్తిగారి అమ్మాయి, కొత్త నీలంకోటు వేసుకొచ్చింది. దులుపుకుంటూ "ఛీ, పైన ఏం పెంచుతున్నారే, గొర్రెలా?" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ముందు నవ్విన వాళ్లలో నేనొకదాన్ని.

అప్పుడు అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. జుట్టంతా తెల్లగా ఉన్ని. నన్ను చూసింది. ఎంత సంబరపడిందో నీకు తెలుసు కదా, ఆమెకి సంబరం దాచుకోవడం రాదు. "ఎర్సీ! ఎర్సీ! ఉండు, రొట్టె వేడివేడిగా ఉంది, బుట్టలో దించుతాను, అందరికీ పెట్టు!" అని అరిచింది.

నేను రాళ్లవైపు తిరిగి నిలబడ్డాను. లుక్రేత్సియా "ఆమె ఎవర్ని పిలుస్తోంది?" అని అడిగింది. "తెలీదు. ఎవరో ఒక స్త్రీ" అన్నాను.

బుట్ట దిగింది. తాడు చివర మా తలలెత్తులో ఊగుతూ నిలబడింది. ఎవరూ తీసుకోలేదు. మాస్టారు మాత్రం పైకి చూసి టోపీ తీసి, "ధన్యవాదాలమ్మా, మేం తినే వచ్చాం" అన్నారు. కాసేపటికి బుట్ట పైకి వెళ్లిపోయింది. అది వెళ్లిన తీరు ఇప్పటికీ చూడలేను ఇల్వా. లాగినట్టు కాదు. ఎవరూ గమనించకూడదని మెల్లగా, ఆగి ఆగి.

ఆ వారమే రాశాను. అమ్మ ఆ కిటికీలో లేకపోతే నాకిక అలాంటి రోజు ఉండదనుకున్నాను. ఇల్లు బాగుపడుతుంది, నీకు దగ్గు తగ్గుతుంది అని కూడా అనుకున్నాను. కానీ అది రాసిన తర్వాత అనుకున్నది, ముందు కాదు. రాస్తున్నప్పుడు మంచి పదాలు వెతుక్కోవడంలో ఎంతో ఆనందపడ్డాను. "పూర్వీకుల ఘనతకు సాక్ష్యమైన" అన్నచోట కాసేపు ఆగి నన్ను నేను మెచ్చుకున్నాను. అదే నాకు అన్నిటికన్నా అసహ్యంగా ఉంది.

సెలవులకి వచ్చేసరికి మీరు బ్లాకులో ఉన్నారు. అమ్మ నా చేయి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్లి నల్లా తిప్పింది. "చూడు, నీళ్లు గోడలోంచే వస్తాయి. నీ స్నేహితులొస్తే ఇక్కడ కూర్చోబెట్టొచ్చు" అంది. దువ్వెన బల్ల బాల్కనీలో వానకి తడుస్తోంది. దుమ్మని ఇరుగుపొరుగు గొడవ చేశారని, ఇక పరుపుల పని లేదని, స్టేషన్లో నేల తుడిచే పనికి కుదిరానని చెప్పింది. తడిగుడ్డ పిండి పిండి వేళ్లు పగిలిపోయాయి. నేను అత్తగారింటికి వచ్చిన మనిషిలా కుర్చీ అంచున కూర్చుని, "బాగుందమ్మా, చాలా శుభ్రంగా ఉంది" అన్నాను.

అమ్మ ఏమీ తెలియకుండానే పోయింది. అది మేలో కాదో ముప్పైతొమ్మిదేళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను.

ఎర్సీలియా


తురేనా,
జూలై 14, 1996

అక్కా,

నీ ఉత్తరం ఏడెనిమిదిసార్లు చదివాను. గాజుగదిలో ఒకసారి, చేతిలో టికెట్టు పెట్టుకుని ఎదుటివాళ్లకి ఇవ్వడం మరిచిపోయాను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఫిబ్రవరిలో నీకు మొదటి ఉత్తరం రాసేటప్పటికే నేను ఫైలు చూశాను. లివియా చూపించగానే నీ అక్షరం గుర్తుపట్టాను, అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. "చూడలేదు" అని నీకు అబద్ధం రాశాను. నీ అంతట నువ్వే చెబుతావేమోనని ఒక్కో గింజా వేస్తూ పిట్టని పట్టినట్టు పట్టాను. అదెల్మోగారి పేరు నీచేత రాయించింది ఒక రకంగా నేనే. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఇంకో సిగ్గు కూడా ఉంది. బ్లాకుకి వెళ్లాక కొత్త బడిలో "నువ్వు గబ్బిలానివా?" అని అడిగితే "కాదు, మేం అస్సీసీ నుంచొచ్చాం" అని చెప్పాను. నువ్వొక్కదానివే కాదు.

ఇప్పుడు నీకు తెలియనిది చెప్పాలి. చెప్పనా వద్దా అని పదిరోజులు ఆలోచించాను.

విచారణ రోజు అమ్మతో పాటు నేను కూడా మునిసిపాలిటీకి వెళ్లాను. నన్నెవరి దగ్గర వదలాలో తెలియక తీసుకెళ్లింది. పెద్ద బల్ల, ముగ్గురు మనుషులు. అమ్మ పెళ్లినాటి నల్లగౌను వేసుకుంది. బల్ల మధ్యలో కూర్చున్న అధికారి కళ్లద్దాలు పెట్టుకుని ఉత్తరం చదివాడు. నాకు సగం అర్థంకాలేదు, మూడు కోళ్లన్నప్పుడు మాత్రం మనవేనని అర్థమైంది. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వింటోంది. మంచం వెనక పొయ్యి అన్నచోట నా చేయి గట్టిగా పట్టుకుంది, నొప్పెట్టింది.

చదవడం అయ్యాక ఆయన, "పాల్మీరా మత్తియోలి, ఇందులో ఉన్నవి నిజమేనా?" అని అడిగాడు.

"నిజమేనండీ" అంది. తర్వాత, "ఇంకోసారి చదువుతారా?" అంది.

"ఏమ్మా, వినపడలేదా?"

"వినపడిందండీ. బాగుంది. ఇంకోసారి చదవండి."

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. ఒకాయన నవ్వాడు. చదివేవాడు మంచివాడిలా ఉన్నాడు, మొత్తం మళ్లీ చదివాడు. అమ్మ కళ్లు మూసుకుని విన్నది, చర్చిలో పాట విన్నట్టు. అయిపోయాక వేలిముద్ర వేసింది.

బయట అదెల్మోగారు నిప్పులు తొక్కుతున్నాడు. "నీకు మతిపోయిందా పాల్మీరా! నలభైమూడు సంతకాలు తెచ్చాను. అంతా అబద్ధమని ఒక్కమాట అంటే చాలు, విచారణ ఆగిపోయేది!"

"అబద్ధమంటే రాసినవాళ్లెవరో వెతుకుతారు కదా" అంది అమ్మ.

"వెతకనీ! వాడెవడో దొరికితే నేనే..."

"వద్దులే అదెల్మో. పోనీ."

ఇంటికొస్తూ మెట్లవీధిలో ఆయాసపడి ఆగింది. "విన్నావా ఇల్వా, ఒక్కచోట కూడా తడుముకోకుండా ఎలా చదివాడో. ఎంత చక్కగా రాస్తే అలా చదవడం వీలవుతుంది! మనూళ్లో ఇంకెవరికీ రాదు అట్లా రాయడం" అంది. ముఖం వెలిగిపోతోంది. గది పోతోందని ఏడవాల్సిన మనిషి అలా ఎందుకుందో నాకు తొమ్మిదేళ్లప్పుడు అర్థంకాలేదు. ఫైలు చూసి మెట్ల మీద కూర్చున్నప్పుడు అర్థమైంది.

కాబట్టి ఆమెకి తెలుసు అక్కా. నువ్వు ఒకసారి రాసింది ఆమె రెండుసార్లు విన్నది.

నేను నిన్ను క్షమించానా అని అడగకు. కొన్ని రోజులు క్షమించినట్టే ఉంటుంది, కొన్ని రోజులు స్టేషన్ వైపు చూడలేను. సెప్టెంబరు 21న గది తెరుస్తారు. ఉత్తరం అద్దం కింద పెడుతున్నారు. కింద నీ పేరు రాయాలా, "రాసినవారు తెలియదు" అని ఉంచాలా అన్నది లివియాకి నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి. నా నోటినుంచి రాదు.

ఇల్వా


తొరీనో,
సెప్టెంబరు 25, 1996

ఇల్వా,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. జూలై అంతా, ఆగస్టు అంతా. ఆమె కళ్లు మూసుకుని విన్నదన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి కాగితం మడిచేసేదాన్ని.

శనివారం నేను వచ్చానని నీకు తెలుసు. గాజుగదిలోంచి చూశావు. నేను తల తిప్పుకుని పక్కనున్న కుర్రదాని దగ్గర టికెట్టు తీసుకున్నాను. నువ్వు పిలవలేదు. పిలవనందుకు బతికానని అప్పుడు అనుకున్నాను, రైలెక్కాక మరోలా అనిపించింది.

మెట్లు ఎంత ఇరుకుగా ఉన్నాయి! గది ఎంత చిన్నది! మనం ముగ్గురం, మూడు కోళ్లు, అన్ని పరుపులు అందులో ఎలా పట్టామో. దువ్వెన బల్ల మీద నిజం ఉన్ని పెట్టారు. నువ్వే దువ్వి ఉంటావు. ఉత్తరం ముందు ఐదారుగురు గుమిగూడారు. నా పక్కన ముత్యాలదండ వేసుకున్న ఒకావిడ అంతా చదివి, నిట్టూర్చి, నావైపు తిరిగింది. "చూశారా అండీ, ఎవడో కడుపునిండిన పెద్దమనిషి రాసుంటాడు. ఇలాంటివాళ్లకి సిగ్గనేది ఉండదు కదా?" అంది.

"అవునండీ" అన్నాను.

రెండోసారి. అదే కమాను దగ్గర, అలాంటి అబద్ధమే. ఆ రాళ్లు ముట్టుకోకూడదు కదా, ముట్టుకున్నాను. మంచం ఉన్నచోట వెనకగోడలో పొయ్యి గూడు ఉంది. అందులో చేయి పెట్టాను. ఇప్పటికీ లోపల నల్లగానే ఉంది, అక్కడ కడగలేదు. మసి చేతికి అంటింది. అలాగే కిందికి దిగి, నీ ముందునుంచే వెళ్లి, నాలుగు గంటల రైలెక్కాను. తొరీనో దాకా ఆ చేయి కడుక్కోలేదు.

ఇంటికి రాగానే కొడుకునీ కోడలినీ పిలిచి చెప్పాను. ఉన్ని వర్తకుడు లేడని, పరుపులు కుట్టే పాల్మీరా ఉండేదని. నా కొడుకు, "నాకు నానమ్మ ఒక్కతే అనుకున్నానే. అమ్మమ్మ నేను పుట్టాక కూడా బతికే ఉందా?" అని అడిగాడు. నాలుగేళ్లు బతికే ఉందని చెప్పాను. ఇంకేమీ అడగకుండా లేచి వెళ్లిపోయాడు. మూడు రోజులైంది, ఫోన్ చేయలేదు. చేస్తాడో లేదో తెలియదు.

అదెల్మోగారి కూతురికి వేరే ఉత్తరం రాశాను. అది నువ్వు చదవవద్దు, ఆమెకే ఇవ్వు.

ఫొటో దీంతో పాటు పంపిస్తున్నాను. అది ఎప్పుడూ నా బీరువాలోనే ఉంది. తిరిగి పంపించవద్దు.

"రాసినవారు తెలియదు" అన్న చీటీ తీసేసి, కింద రాసింది పెట్టమని లివియాకి చెప్పు. అందమైన భాషలోకి మార్చవద్దని కూడా చెప్పు:

"ఈ ఉత్తరం రాసింది ఎర్సీలియా మత్తియోలి. అప్పుడు పదిహేడేళ్లు. ఈ గదిలోనే పెరిగింది. పౌరుడినని రాసింది అబద్ధం. ఇందులో 'ఒక స్త్రీ', 'ఆ స్త్రీ' అని ఉన్న చోటల్లా 'మా అమ్మ' అని చదువుకోండి."

ఎర్సీలియా


తురేనా,
అక్టోబరు 19, 1996

అక్కా,

చీటీ పెట్టి రెండు వారాలైంది. లివియా నీ మాటలు చదివి అటు తిరిగి ముక్కు చీదుకుంది, ఒక్క అక్షరం మార్చలేదు. ఊళ్లో అందరూ నోళ్లు నొక్కుకున్నారు. రొట్టెల షాపులో ఒకామె నాతో మాట్లాడటం మానేసింది, నేనేదో రాసినట్టు. అదెల్మోగారి కూతురు నీ ఉత్తరం చదివి మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ఆదివారం వంటకి మాత్రం ఎప్పటిలాగే వచ్చింది.

నిన్న మధ్యాహ్నం జనం లేరు. ఒకామె కూతుర్ని తీసుకొచ్చింది, చిన్నపిల్ల, ఇంకా చదవడం రాదు. పైకి వెళ్లారు. కమాను కింద మాటలు ఎలా కిందికి వస్తాయో నీకు తెలుసు కదా. ఆ తల్లి ముందు చీటీ చదివినట్టుంది. తర్వాత ఉత్తరం గట్టిగా పిల్లకి చదివి వినిపించడం మొదలుపెట్టింది.

"ఈ కట్టడంలో మా అమ్మ మూడు కోళ్లతో, మాసిన పరుపులతో కాపురముంటోంది" అని చదివింది. "మా అమ్మ మంచం వెనుక గోడలోని రాతిని తొలిచి పొయ్యి పెట్టుకుంది" అని చదివింది. "ఎందుకూ?" అంది పిల్ల. "చలేస్తుంది కదమ్మా, పిల్లలున్నారు కదా" అంది తల్లి.

తర్వాత ఎవరో టికెట్టు అడిగారు, మిగతాది వినపడలేదు.

సోమవారం సెలవు. మిగతా ఏ రోజైనా రా. గాజుగదిలో రెండో కుర్చీ పడుతుంది.

ఇల్వా